షాట్‌గన్‌లో రాపిడి లెక్క

కొత్త సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌తో పాతిక తూటాల పెట్టెలు నాలుగైదు ఖాళీ చేసి, విప్పి చూస్తే లోపల తెల్లటి గీతలు కనిపిస్తాయి. బోల్ట్ జారే దారి వెంట రిసీవర్ గోడల మీద నల్లపూత పోయి ఉంటుంది. మేగజైన్ గొట్టం చుట్టూ ఒక మెరుపు పట్టీ, బోల్ట్‌ను లాగే పిడి కదిలే గాడి అంచున మరో మెరుపు. డబ్బు పోసి కొన్నవాడికి గుండె గుభేలుమంటుంది. అప్పుడు దొరికే సలహాలు రెండు రకాలు. నూనె చాల్లేదు, బాగా పట్టించమని ఒక వర్గం అంటుంది. నూనె పోస్తే మసీ దుమ్మూ పేరుకుంటాయి, తుడిచి పొడిగా ఉంచమని ఇంకో వర్గం అంటుంది. ఇన్ని వాదులాడుకున్నా ఆ మెరుపే జబ్బు అన్న మాట దగ్గర రెండు వర్గాలూ ఒక్కటే. నూరేళ్లు దాటిన ఈ యంత్రం చరిత్రనూ, లోహాల అరుగుదల మీద జరిగిన పరిశోధననూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నమ్మకం నిలవదు. కంటికి కనిపించే అరుగుదలలో ఎక్కువ భాగం తుపాకి ఆయుష్షును తగ్గించదు. తగ్గించేవి స్టాక్ లోపల కుంగిపోయే స్ప్రింగు, బిగుసుకుపోయే రబ్బరు రింగు, ప్లాస్టిక్ మసి కింద మొదలయ్యే తుప్పు. అవి విప్పితేగానీ కనపడవు. కందెన మీద పెట్టే శ్రద్ధ కూడా ఆ మెరుపు దగ్గరి నుంచి ఆ మరుగు చోట్లకు జరగాలి.

ముందు జారుడు లెక్క చూద్దాం. పన్నెండు బోరు తూటా పొడవు మామూలుగా 70 మిల్లీమీటర్లు. ఖాళీ గుల్లను లాగి బయటికి విసిరి కొత్తదాన్ని ఎక్కించాలంటే బోల్ట్ అంతకంటే కొంత ఎక్కువ దూరం వెనక్కి రావాలి. 10 సెంటీమీటర్లు అనుకుందాం. పోనూ రానూ 20. పదివేల తూటాలు కాలిస్తే బోల్ట్ జారిన మొత్తం దూరం 2 కిలోమీటర్లు. పోటీల్లో దిగనివాడికి పదివేల తూటాలంటే ఏళ్ల తరబడి పని. కారు ఇంజిన్‌లో పిస్టన్ ఒక్కో చుట్టుకు సుమారు 16 సెంటీమీటర్లు జారుతుందనుకుంటే, నిమిషానికి రెండు వేల చుట్ల మీద అదే 2 కిలోమీటర్లు ఆరేడు నిమిషాల్లో అయిపోతాయి. ఒక మనిషి తన తుపాకి చేత ఏళ్లపాటు చేయించిన జారుడు, పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరిన కారు మొదటి రెండు సిగ్నళ్లు దాటేలోపు పూర్తవుతుంది.

ఇంజిన్‌తో పోల్చడం సరికాదని ఎవరైనా అంటే ఆ మాటలో న్యాయముంది. ఇంజిన్‌లో పంపు నూనెను ఆగకుండా తోస్తూ ఉంటుంది. పిస్టన్ వేగం మీద ఉన్నంతసేపు రింగుకూ గోడకూ మధ్య నిండైన నూనె పొర నిలిచి, లోహాన్ని లోహం తాకనివ్వదు. తుపాకిలో బోల్ట్ రెప్పపాటులో కదిలి ఆగిపోతుంది. దాన్ని తేలించేంత పొర ఏర్పడే వ్యవధి ఉండదు. ఉపరితలానికి అంటుకుని మిగిలిన అతి పలుచని పొరే కాపాడాలి. ఇంజినీర్లు బౌండరీ లూబ్రికేషన్ అనేది దీన్నే. 1953లో బ్రిటన్‌కు చెందిన జె.ఎఫ్. ఆర్చర్డ్ ప్రచురించిన సూత్రం ప్రకారం అరిగిపోయే లోహం, మోపిన బరువును బట్టీ జారిన దూరాన్ని బట్టీ పెరుగుతుంది, మెత్తటి ఉపరితలం ఎంత గట్టిదైతే అంత తగ్గుతుంది. ఆ సూత్రంలోని గుణకం పొడి లోహాల మధ్య ఒకలా ఉంటే, పలుచని నూనె పొర చేరగానే వందో వెయ్యో రెట్లు పడిపోతుంది. ఆ లాభమంతా మొదటి పొరతోనే వచ్చేస్తుంది. దాని మీద ఇంకెంత పోసినా అరుగుదల విషయంలో దక్కేది దాదాపు సున్నా. నూనె ఎంత అన్న వాదన సగం ఇక్కడే తీరిపోతుంది. గుడ్డతో అద్దితే వేలికి జిడ్డుగా తగిలి, కంటికి చుక్కగా కనపడనంత చాలు.

ఇక ఆ మెరుపు సంగతి. ఉక్కు మీది నలుపును వాడుకలో బ్లూయింగ్ అంటారు. అది పైన పూసిన రంగేమీ కాదు, ఇనుమునే మార్చి పెంచిన నల్ల ఆక్సైడ్ పొర. దాని మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. తలవెంట్రుక మందం యాభై మైక్రాన్ల పైమాటే. ఆ పొర పోయి తెల్లగా మెరిసిందంటే కొలతల్లో వచ్చిన తేడాను మామూలు వర్క్‌షాప్ మైక్రోమీటరు కూడా పట్టుకోలేదు. పోయిందల్లా తుప్పు నుంచి ఉన్న కొద్దిపాటి అడ్డు. అందుకే మెరిసినచోట నూనె తడి ఉండాలి, అరుగుదలకు మందుగా కాదు, తేమకు అడ్డుగా. కొత్తలో ఈ మెరుపు త్వరగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. యంత్రం కోసిన ఉపరితలం మీద సూక్ష్మమైన గుట్టలు ఉంటాయి. మొదటి కొన్ని వందల తూటాల్లో ఆ గుట్టల తలలు నునుపై బరువు విశాలంగా పరుచుకుంటుంది. ఆ మెరుపు అంచు నెలల తరబడి ముందుకు జరగకపోతే భాగాలు కుదురుకున్నాయని అర్థం.

అల్యూమినియం రిసీవర్ల సంగతి కొంచెం వేరు. వాటి మీద విద్యుత్ రసాయన పద్ధతిలో పెంచిన అల్యూమినియం ఆక్సైడ్ పొర ఉంటుంది. గట్టి రకం అనోడైజింగ్‌లో దాని మందం పాతిక నుంచి యాభై మైక్రాన్లు. అది తన మీద జారే ఉక్కు కంటే గట్టిది. ఆ పొర పూర్తిగా తెగి కింది మెత్తటి లోహం బయటపడితే మాత్రం ఉక్కు దాన్ని అంటుకుని పీకుతుంది. నూనెలో బూడిదరంగు పొడి కలవడం, గీత గోటికి తగలడం దాని గుర్తులు. అక్కడ కూడా భయానికి ఒక హద్దుంది. పన్నెండు బోరులో రెండుముప్పావు, మూడు అంగుళాల తూటాలకు అమెరికా పరిశ్రమ ప్రమాణం పెట్టిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు, మూడున్నర అంగుళాల తూటాకు 14,000. ఆ ఒత్తిడి రిసీవర్ గోడల మీద పడదు. ఆధునిక తుపాకుల్లో బోల్ట్ తాళం బ్యారెల్ వెనక చేర్చిన ఉక్కు పొడిగింపులో పడుతుంది. పేలుడు బలమంతా ఉక్కుకూ ఉక్కుకూ మధ్యే ముగుస్తుంది. రిసీవర్ పట్టాలు బోల్ట్‌కు దారి చూపేవి మాత్రమే.

ఈ వాదనకు ఒక గట్టి మినహాయింపు ఉంది, దాన్ని దాటవేయకూడదు. ట్రిగ్గర్ వ్యవస్థలో సుత్తిని పట్టి ఉంచే గంటు, దాని మీద ఆనే సియర్ అంచు చాలా చిన్నవి. అక్కడ మిల్లీమీటరులో వందో వంతులు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ అంచు గుండ్రమైతే తుపాకి మనిషి ప్రమేయం లేకుండా పేలవచ్చు. బోల్ట్ తాళం వేసే తలం, తూటా అంచు ఆనే తలం కూడా ఇదే కోవలోవి. వీటిని ఇంట్లో ఆకురాయితో సరిచేయబోవడం ప్రమాదం, అది గన్‌స్మిత్ పని. విచిత్రమేమిటంటే వీటి మీద పుట్టే మెరుపును చూసి కంగారు పడేవాళ్లు తక్కువ, రిసీవర్ గోడను చూసి కంగారు పడేవాళ్లే ఎక్కువ.

రాపిడిని శత్రువుగా చూసే అలవాటుకు చరిత్రలో మంచి జవాబు జాన్ బ్రౌనింగ్ ఆటో-5. 1900లో పేటెంటు పొంది, బెల్జియంలో ఎఫ్.ఎన్. కర్మాగారంలో మొదలై 1998 దాకా తయారైన ఈ తుపాకి, విజయవంతమైన మొదటి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్. ఇందులో పేలగానే బ్యారెల్, బోల్ట్ కలిసే తూటా పొడవుకు మించి వెనక్కి వస్తాయి. తర్వాత బ్యారెల్ ముందుగా తిరిగి వెళుతుంది, బోల్ట్ దాని వెనక వస్తుంది. అంత బరువైన ఉక్కు అంత దూరం వెనక్కి దూకితే ఆపేదెవరు? మేగజైన్ గొట్టం చుట్టూ పెద్ద స్ప్రింగు, దానితోపాటు చీలిక ఉన్న కంచు పట్టు ఒకటి, వాలు అంచున్న ఉక్కు ఉంగరం ఒకటి. వెనక్కి వచ్చే బ్యారెల్ ఈ వాలులను నొక్కితే కంచు పట్టు బిగిసి గొట్టాన్ని పట్టుకుంటుంది. తయారీదారు ఇచ్చిన బ్రేకు ఇది. బరువు తూటాలకు ఉక్కు ఉంగరాన్ని కంచు పట్టుకు ఆనించి పెట్టాలి, తేలిక తూటాలకు దాన్ని స్ప్రింగు అవతలి కొసకు మార్చాలి. రాపిడి ఎంత ఉండాలో వాడేవాడే ఎంచుకునేట్టు కట్టిన యంత్రమన్నమాట.

ఇలాంటి చోట నూనె అంటే బ్రేకు మీద నూనె. గొట్టాన్ని జారుడుగా తడిపి బరువు తూటాలు కాలిస్తే బ్యారెల్ పూర్తి ఊపుతో వెనక్కి వచ్చి కొడుతుంది. పాత ఆటో-5ల్లో ముందుచెక్క పగిలి కనిపించడానికి ఉంగరాలు తప్పుగా అమర్చడం, గొట్టం మీద అతిగా నూనె, నలిగిన స్ప్రింగు తరచూ వినిపించే కారణాలు. గొట్టాన్ని ఎముకలా ఎండబెట్టినా, తుప్పు పట్టనిచ్చినా కంచు పట్టు అతిగా బిగిసి తేలిక తూటాలతో బ్యారెల్ సగంలో ఆగిపోతుంది. రిసీవర్ వెనక గోడ లోపల ఒక ఫైబరు దిండు కూడా ఉంటుంది. బోల్ట్ దెబ్బను మింగేది అదే. అది నలిగి పలుచనైతే దెబ్బ నేరుగా ఉక్కు గోడకు తగులుతుంది. ఒక చిన్న దిండును మార్చక, పైన బ్లూయింగ్‌ను మాత్రం అద్దంలా తుడుచుకుంటూ వచ్చిన తుపాకి బయటికి కొత్తగానే కనిపిస్తుంది.

పేలుడు వాయువుతో నడిచే తుపాకులు వచ్చాక సమస్య స్వభావం మారింది. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 ఈ వర్గానికి పెద్ద ఉదాహరణ. బ్యారెల్‌కు వేసిన చిన్న రంధ్రాల గుండా కొంత వాయువు మేగజైన్ గొట్టం చుట్టూ ఉన్న పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. వాయువు ముందుకు కారకుండా అక్కడొక రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. ఆ తుపాకి మొరాయించిందంటే అనుభవజ్ఞులు మొదట చూసేది దాన్నే. వేడికీ మసికీ అది గట్టిపడి చిట్లుతుంది. పగిలితే వాయువు కారిపోయి బోల్ట్ సగంలోనే నీరసిస్తుంది. వెల చూస్తే తూటాల పెట్టెతో సమానం కూడా కాదు. ఈ వాయువు దారిలో నూనె పాత్ర తలకిందులవుతుంది. వేడికి నూనె కాలి మసితో కలిసి గట్టి వార్నిష్‌లా అతుక్కుంటుంది, ఆ తర్వాత గీకితేగానీ రాదు. పిస్టన్, దాని కింది గొట్టం, వాయు రంధ్రాలు మసి తీసి దాదాపు పొడిగా తుడవాలని నా అభిప్రాయం. తేమ ప్రాంతాల్లో నూనె గుడ్డతో ఒక్కసారి తుడిస్తే అదే ఎక్కువ. బోల్ట్ పట్టాలు, బోల్ట్‌ను తోసే కడ్డీలు వేరే కథ, వాటికి పలుచని తడి కావాలి. ఒకే తుపాకిలో నాలుగు అంగుళాల తేడాలో నియమం మారిపోతుంది. అందుకే నూనె వర్గం, పొడి వర్గం అనే విభజనలో అర్థం లేదు.

మూడో మార్గం ఇటలీలో పుట్టింది. ఉర్బినోలో 1967లో మొదలైన బెనెల్లీ సంస్థ, బ్రూనో చివోలానీ రూపొందించిన జడత్వ పద్ధతిని వాడింది. తుపాకి వెనక్కి తన్నినప్పుడు బరువైన బోల్ట్ శరీరం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ తేడాతో బోల్ట్ తలకూ శరీరానికీ మధ్యనున్న పొట్టి గట్టి స్ప్రింగు నలుగుతుంది, విచ్చుకుంటూ బోల్ట్‌ను వెనక్కి విసురుతుంది. వాయువు యంత్రంలోకి రాదు కాబట్టి మసి చాలా తక్కువ. ఈ శుభ్రత చూసి దీనికి సంరక్షణే అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఇక్కడ యంత్రాన్ని నడిపే శక్తి తుపాకి కదలికలోంచే రావాలి, కాబట్టి అనవసరమైన రాపిడికి చోటు తక్కువ. బోల్ట్ ముందుకు వచ్చి చివర్లో దాని తల తిరిగి తాళం పడాలి. చిక్కటి గ్రీజు, చలికి పేరుకున్న నూనె, మురికి ఆ చివరి మలుపును మందగింపజేస్తే తల పూర్తిగా తిరగదు, ట్రిగ్గర్ నొక్కితే టక్‌మన్న చప్పుడు మాత్రమే వస్తుంది. బాతు వేటగాళ్లకు ఆ చప్పుడు బాగా పరిచయం. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ నూనె చిక్కదనం వేగంగా పెరుగుతుంది. వేసవిలో సరిపోయిన నూనె కెనడా సరిహద్దు చలిలో అడ్డంకి అవుతుంది. అక్కడ పలుచని సింథటిక్ నూనె గానీ, పొడి కందెన గానీ మేలు.

రెమింగ్టన్ 1100లోనూ బెనెల్లీ ఎం2లోనూ బోల్ట్‌ను ముందుకు తోసే స్ప్రింగు వెనక స్టాక్ లోపలి గొట్టంలో ఉంటుంది. వానలోనూ చిత్తడి నేలలోనూ తిరిగిన తుపాకిలో నీరు ఆ గొట్టంలోకి దిగి బయటికి రాదు. రిసీవర్‌ను ఎంత తుడిచినా అక్కడి తుప్పు తెలియదు. స్టాక్ విప్పి చూసేసరికి స్ప్రింగు గోధుమరంగు బురదలో ఇరుక్కుని ఉంటుంది. తుప్పు లేకపోయినా స్ప్రింగు నలిగి నలిగి కొంత పొట్టిదవుతుంది. బలం తగ్గితే రెండు చెడులు జరుగుతాయి: బోల్ట్ వెనక గోడను మరింత గట్టిగా కొడుతుంది, ముందుకు మరింత నీరసంగా వస్తుంది. మొదటిది తుపాకిని చెడగొడుతుంది, రెండోది మొరాయింపుగా బయటపడుతుంది. సాధారణంగా యజమాని రెండోదాన్ని చూసి నూనె ఇంకాస్త పోస్తాడు. కొన్నాళ్లు నడుస్తుంది కూడా. మొదటి చెడు మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

నూనె దుమ్మును పట్టుకుంటుందన్న వాదన కొట్టిపారేయదగినది కాదు. ఇసుకలోని క్వార్ట్జ్ తుపాకి ఉక్కు భాగాల్లో చాలావాటి కంటే గట్టిది. అది నూనెతో కలిస్తే సానబట్టే ముద్ద తయారవుతుంది. ఇందాకటి 2 కిలోమీటర్ల లెక్కను చెల్లకుండా చేయగలిగేది ఇదొక్కటే. కానీ పొడిగా ఉంచితే ఇసుక వెళ్లిపోతుందా? పొడి తలాల మధ్య కూడా అది నలుగుతుంది, పైగా కాపాడే పొర ఉండదు. మిగిలింది తరచుగా తుడిచి కొత్త పలుచని తడి పెట్టడమే. తుడవకుండా కొత్త నూనె చేర్చడం అన్నిటికంటే చెడ్డది. గ్రీజుకు కూడా దాని చోటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల ఎం1 గరాండ్ రైఫిళ్లు వానలో నూనె కొట్టుకుపోయి బిగుసుకుపోతుంటే, నీటికి కరగని గ్రీజును చిన్న డబ్బాల్లో ఇచ్చి ఆ చిక్కు తీర్చారు. షాట్‌గన్‌లో బరువు పడి, దుమ్ము తగలని చోట్లకు ఆ పాఠం వర్తిస్తుంది. బ్యారెల్ మూతిలో బిగించే చోక్ గొట్టం మరలు అలాంటివే. వాటికి గ్రీజు లేకపోతే మసీ తుప్పూ కలిసి చోక్‌ను బ్యారెల్‌లో శాశ్వతంగా బిగించేస్తాయి.

శుభ్రమే చేయకుండా వేల తూటాలు కాల్చిన తుపాకులు లేవా అని అడగవచ్చు. రెమింగ్టన్ 1100 ఇరవై బోరు తేలిక నమూనా ఒకటి 1978లో శుభ్రం చేయకుండా, ఏ భాగమూ విరగకుండా 24,000 తూటాలు కాల్చిందని రికార్డుగా చెప్పుకుంటారు. మాస్‌బర్గ్ 940 జేఎం ప్రోను 1,500 తూటాల దాకా శుభ్రం చేయనక్కర్లేదని ప్రచారం చేశారు. ఈ మాటలను నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు, అవి నా వాదనకే బలం. మసి, మెరుపు ఇంజినీర్లు ముందే లెక్కలో వేసుకున్న ఖర్చులని అవి చూపిస్తాయి. అయితే అలాంటి పరీక్షలు వరసగా, తక్కువ కాలంలో, పొడి వాతావరణంలో జరుగుతాయి. ఏడాదికి రెండు వందల తూటాలు కాల్చి మిగతా రోజులు గుడ్డ సంచిలో పెట్టిన తుపాకికి శత్రువు వేరు. దాని మసి తేమను పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ గుల్ల వదిలిన పొర కింద చాంబర్ తుప్పుపడుతుంది, మరుసటి సీజన్‌లో చవక ఉక్కు అడుగున్న తూటాలు అక్కడ ఇరుక్కుంటాయి. అప్పుడు గుల్లను లాగే ఎక్‌స్ట్రాక్టర్‌ను తిడతారు. చాంబర్‌ను బ్రష్‌తో రుద్ది, నూనె లేకుండా తుడిచాకే కాల్చాలి. అక్కడ నూనె మిగిలితే గుల్ల గోడను పట్టుకోక బోల్ట్ మీద అదనపు బరువు వేస్తుంది.

ఏ నూనె అన్నది ఇంత పెద్ద చర్చకు తగిన ప్రశ్న కాదు. కుట్టుమిషన్ నూనె కూడా తేలిక ఖనిజ నూనే, జారుడుకు సరిపోతుంది, తుప్పును అంత బాగా ఆపదు. డబ్ల్యూడీ-40ని 1953లో శాన్ డియాగోలో తేమను తరిమేందుకు తయారుచేశారు. తడిసిన తుపాకికి తొలి సాయంగా బాగుంటుంది, అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది కాబట్టి దాని మీదే ఆధారపడకూడదు. ట్రిగ్గర్ గుంపులోకీ ఫైరింగ్ పిన్ రంధ్రంలోకీ ఏ నూనె అయినా ఎక్కువ వెళ్తే అపాయమే. చిక్కబడితే పిన్ దెబ్బ నీరసిస్తుంది. చెక్క స్టాక్ ఉన్నవాళ్లు నూనె పట్టించాక తుపాకిని మూతి పైకి ఉంచి నిలబెడితే మిగులు నూనె నెమ్మదిగా స్టాక్ తలలోకి దిగి చెక్కను మెత్తబరుస్తుంది. పాత గన్‌స్మిత్‌లు మూతి కిందికి పెట్టమనేది అందుకే.

మన దేశంలో సెమీ ఆటోమేటిక్ తుపాకులు ఆయుధ నిబంధనల్లో కఠిన వర్గంలో ఉన్నాయి. తెలుగు జిల్లాల్లో లైసెన్సుతో కనిపించే పన్నెండు బోరు ఎక్కువగా రెండు బ్యారెళ్ల విరుపు తుపాకే. దానిలో జారే భాగాలు తక్కువ, కానీ నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా ఉప్పుగాలి పని అదే. అమెరికాలో క్లే పావురాల ఆటకు వెళ్లే తెలుగువాళ్ల చేతిలోని బెరెట్టా ఏ400కైనా, ఇక్కడి పొలం కాపలా తుపాకికైనా, కాల్చిన దానికంటే దాచిన కాలమే ఎక్కువ. ఎక్కువ నష్టం అప్పుడే జరుగుతుంది.

తయారీదారుల మీద నాకున్న ఫిర్యాదు ఇక్కడే. చాలా మాన్యువళ్లు నూనె చుక్కల గురించి పేజీలు రాస్తాయి, కొత్త స్ప్రింగు విడిగా ఎంత పొడవుండాలో ఒక్క వాక్యం రాయవు. ఆ కొలత లేకుండా స్ప్రింగు ఎప్పుడు మార్చాలో తేల్చడం ఊహే అవుతుంది. కొన్న వారంలోనే, లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని, మేగజైన్ స్ప్రింగు, బోల్ట్ వెనక స్ప్రింగు పొడవులు కొలిచి లైసెన్సు పుస్తకంతోపాటు ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం ఉత్తమం. ప్రతి సీజన్ చివర కాల్చిన తూటాల సంఖ్యను, మళ్లీ కొలిచిన పొడవును ఆ కాగితం మీదే చేర్చాలి. పొడవు స్పష్టంగా తగ్గిన ఏడాది కొత్త స్ప్రింగు తెప్పించుకోవాలి. రిసీవర్ గోడ మీది మెరుపును ఆ కాగితం మీద రాయనక్కర్లేదు.